వేడుక ఒక్కరోజు, పరిచయం ప్రతిరోజు

గత శీతకాలంలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసిన పిమ్మట, మా పట్టణంలో మోటారు పంపులు బాగుచేసే ఒక సోదరుడు మసీదు మెట్ల వద్ద నాకోసం వేచి ఉన్నాడు. ఆయన పెద్ద కుమార్తె మా మదరసాలోనే ఖుర్ఆన్ పారాయణం నేర్చుకొన్నది. ఇంటర్మీడియట్‌లో మంచి మార్కులు సాధించి, హైదరాబాదులోని ఒక మహిళా డిగ్రీ కళాశాలలో చేరి, అక్కడి హాస్టల్లో ఉంటున్నది. ఆ కుటుంబంలో కళాశాల గడప తొక్కిన మొట్టమొదటి ఆడపిల్ల ఆమెయే.

"హజ్రత్! పిల్లను ఇంటికి తెచ్చేసుకుందామనుకుంటున్నాను. చదివింది చాలు" అన్నాడాయన.

కారణం అడిగాను. కళాశాలలో సాంస్కృతిక వైవిధ్య దినోత్సవం జరుపుతున్నారట. విద్యార్థినులను జట్లుగా విడదీసి, ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క రాష్ట్రాన్ని కేటాయించారట. ఈ అమ్మాయి ఉన్న జట్టు వేదికపై నృత్యం చేయాలి. ఆరంభంలో దీపం వెలిగించి చేసే ప్రార్థనలో కూడా నిలబడాలి. అమ్మాయికి అది సమ్మతం కాదు. కాదంటే అధ్యాపకులు ఏమనుకొంటారో, తోటి పిల్లలు దూరం పెడతారేమోనని భయం. ఫోనులో తల్లితో చెప్పుకొని ఏడ్చింది. తండ్రికి తోచిన పరిష్కారం ఒక్కటే: చదువు మాన్పించడం.

ఆయన మాటను నేను తేలికగా తీసుకోలేదు. అది కన్నతండ్రి ఆందోళన. కానీ ఒక్కరోజు వేడుక కారణంగా మూడేళ్ళ చదువు బలికావడం కూడా నాకు న్యాయమనిపించలేదు. "తొందరపడవద్దు భాయ్. సోమవారం ఇద్దరమూ కళాశాలకు వెళ్దాం. ముందు అడుగుదాం, నిర్ణయం తరువాత తీసుకుందాం" అన్నాను.

అడిగితే తెలిసిన సంగతి

ప్రిన్సిపాల్ గారు అరవయ్యేళ్ళకు దగ్గరపడిన విదుషీమణి. గడ్డమూ టోపీతో వచ్చిన నన్ను చూసి మొదట కొంత జంకినట్లు కనిపించారు. మేము ఫిర్యాదు చేయడానికి రాలేదని చెప్పాను. అమ్మాయి ఇబ్బందిని వివరించాను. ఆమె అంతా విని, "ఎవరినీ బలవంతం చేయమని నేను చెప్పలేదే! పేర్ల జాబితా తయారుచేసినవారు పిల్లలను అడగకుండానే రాసేశారేమో" అన్నారు. వెంటనే అమ్మాయిని పిలిపించారు. "నృత్యమూ వద్దు, దీపమూ వద్దు, సరే. మరి నీవు ఏమి తీసుకొస్తావమ్మా? వేడుకలో నీ వంతు ఏమిటి?" అని అడిగారు.

ఆ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. మన పిల్లలకు ఏది చేయకూడదో మనం చక్కగా నేర్పుతాము. చేయదగినది ఏమిటని అడిగితే మాత్రం వారికే కాదు, మనకూ జవాబు తోచదు. అమ్మాయి కాసేపు తలవంచుకొని నిలబడింది. తరువాత మెల్లగా, "మేడమ్, నాకు ఖుష్‌ఖతీ వచ్చు. ఎవరి పేరు చెబితే వారి పేరు ఒకవైపు తెలుగులో, ఒకవైపు అరబీ లిపిలో అందంగా రాసి ఇస్తాను" అన్నది. ఒక బల్ల, రెండు కుర్చీలు, నాలుగు రంగుల సిరా ఇస్తామని ప్రిన్సిపాల్ గారు ఒప్పుకొన్నారు. ఈ సంభాషణ పావుగంటలో ముగిసింది. పావుగంట మాట్లాడుకోకపోతే ఒక ఆడపిల్ల చదువు అక్కడితో ఆగిపోయి ఉండేది.

ఉస్మానియా ప్రాంగణంలో ఒక మధ్యాహ్నం

తిరుగు బస్సుకు సాయంత్రం దాకా వ్యవధి ఉన్నది. నాకు ఒక హదీసు గ్రంథం అవసరమైనందున, ఆ సోదరుణ్ణి వెంటబెట్టుకొని ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని దాయిరతుల్ మఆరిఫ్‌కు వెళ్ళాను. 1888లో స్థాపితమైన ఆ సంస్థ ప్రాచీన అరబీ వ్రాతప్రతులను పరిష్కరించి ముద్రిస్తుంది. ఇబ్నె హజర్ రచించిన తహ్‌జీబుత్ తహ్‌జీబ్ వంటి మహాగ్రంథాలను ముద్రించి అరబ్బు దేశాల పండితులకు సైతం అందించిన ఘనత దానిది. విద్యార్థి దశలో నేను మొదటిసారి అక్కడికి వెళ్ళినప్పుడు దారి తెలియక ఆర్ట్స్ కళాశాల మెట్ల వద్ద ఆగిపోయాను. అక్కడ కూర్చున్న ఒక సూడాన్ విద్యార్థిని అరబీలో దారి అడిగాను. నా అరబీ వ్యాకరణ గ్రంథాల అరబీ. అతడు పగలబడి నవ్వాడు. పక్కనే ఉన్న తెలుగు విద్యార్థి ఉర్దూలో నాకు దారి చెప్పాడు. సూడాన్ యువకుడికి తెలుగులో వచ్చిన మాటలు నాలుగే. అవన్నీ మెస్సులో సాంబారు అడగడానికి పనికివచ్చేవి. మేము ముగ్గురమూ కలిసి నవ్వుకొన్నాము. ఏ వేదికా లేదు, ఏ బ్యానరూ లేదు. అయినా సాంస్కృతిక వైవిధ్యం అన్న మాట వినగానే నాకు ఇప్పటికీ మొదట గుర్తువచ్చేది ఆ మెట్లే.

ఆ విశ్వవిద్యాలయం కథ మన ఇళ్ళలో పిల్లలకు చెప్పదగినది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలో 1918లో అది ఏర్పడింది. ఆంగ్లాన్ని ఒక పాఠ్యాంశంగా ఉంచుతూనే, ఉర్దూను బోధన భాషగా స్వీకరించింది. భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమేనా అని పెద్దలు సందేహిస్తున్న కాలమది. వైద్యం, గణితం, న్యాయశాస్త్రం వంటి విషయాలలో పాఠ్యగ్రంథాల కోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ వంటి పండితులు దానిని నడిపించారు. అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ, జోష్ మలీహాబాదీ వంటి రచయితలు అందులో పనిచేశారు.

ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. దాని రూపశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ బెల్జియం దేశస్థుడు. అంతకుముందు ఆయన కైరోలోని హీలియోపోలిస్‌లో భవనాలు నిర్మించాడు. ఉస్మానియా కోసం ఈ దేశపు శిల్పరీతులను పరిశీలించి, స్తంభాలలో అజంతా, ఎల్లోరా గుహల పోలికలను, కమానులలో ఇస్లామీ శిల్పరీతిని కలిపాడు. గులాబీ వన్నె రాతితో కట్టిన ఆ భవనంలో ఏ స్తంభమూ కమానుగా మారలేదు, ఏ కమానూ స్తంభంగా మారలేదు. దేని ఆకారం దానిది, బరువు మాత్రం కలిసి మోస్తున్నాయి.

అదే ప్రాంగణంలో రాయప్రోలు సుబ్బారావు గారు దీర్ఘకాలం తెలుగు ఆచార్యులుగా పనిచేశారు. హనుమాజీపేట అనే పల్లెలో పుట్టిన సి. నారాయణరెడ్డి గారు ఉర్దూ మాధ్యమంలో డిగ్రీ చదివి, ఆ పిమ్మట అక్కడే తెలుగులో ఎం.ఏ., పిహెచ్‌.డి. పూర్తిచేశారు. 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం తెలుగు భాషకు తెచ్చిపెట్టిన కవి ఉర్దూలో పాఠాలు విన్నవాడన్న సంగతి మన పిల్లలలో ఎందరికి తెలుసు? పరాయి భాష నేర్చుకొన్నందువల్ల ఆయన తెలుగు తరిగిపోలేదు, మరింత విస్తరించింది.

దాయిరతుల్ మఆరిఫ్ అలమారాలలో నేను ఆ సోదరునికి ఒక పుస్తకం చూపించాను. హిందూదేశం గురించి అబూ రైహాన్ అల్ బిరూనీ రాసిన గ్రంథమది. ఆ సంస్థ దానిని 1958లో ముద్రించింది. దాదాపు వెయ్యేళ్ళ క్రితం, ఇక్కడి ప్రజల నమ్మకాలను, శాస్త్రాలను తెలుసుకోవడానికి ఆ ముస్లిం పండితుడు పెద్దవయసులో సంస్కృతం నేర్చుకొన్నాడు. బ్రాహ్మణ పండితులను అడిగి తెలుసుకొన్నాడు. వారు ఏమి చెబుతారో వారి మాటగానే నమోదు చేయాలని నియమం పెట్టుకొన్నాడు. తాను మాత్రం తన విశ్వాసంలో చివరిదాకా ముస్లింగానే ఉన్నాడు. "ఇంకొకరిని తెలుసుకొన్నంత మాత్రాన మన దీన్ జారిపోదు భాయ్. అది జారిపోయేంత వదులుగా ఉంటే లోపం తెలుసుకోవడంలో లేదు, మనం పట్టుకోవడంలో ఉన్నది" అన్నాను.

1938, 2022: త్రాసు ఒక్కటే

ఉస్మానియా చరిత్రలో వెలుగులే చెప్పి ముగిస్తే నేను న్యాయం తప్పినవాణ్ణి అవుతాను. ఆనాటి నిజాం రాజ్యంలో అత్యధిక ప్రజల మాతృభాషలు తెలుగు, మరాఠీ, కన్నడం. ఉర్దూ రాని పల్లె బాలునికి ఆ ఉన్నత విద్యాలయపు ద్వారం బరువైనదే. అంతకన్నా బరువైన ఘట్టం 1938లో జరిగింది. హాస్టల్లోని హిందూ విద్యార్థులు తమ ప్రార్థనా సమయంలో వందేమాతరం పాడుకొనేవారు. అధికారులు దానిని నిషేధించారు. విద్యార్థులు తలవంచలేదు. వందలాదిమంది విశ్వవిద్యాలయం నుండి బయటికి పోవలసి వచ్చింది. నాగపూర్ విశ్వవిద్యాలయం వారిలో పలువురికి ఆశ్రయమిచ్చింది. అలా వెళ్ళినవారిలో ఒకరు, తరువాతి కాలంలో దేశ ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు గారు.

ఆ గీతం విషయంలో ముస్లిం పండితులకు ధార్మికమైన అభ్యంతరాలు ఉన్నాయి. నేనూ ఆ గీతాన్ని ఆలపించను. నన్ను ఆలపించమని బలవంతం చేస్తే వినయంగా నిరాకరిస్తాను. కానీ నేను ఆలపించకపోవడం వేరు, ఆలపించదలచినవానిని చదువుకు దూరం చేయడం వేరు. మొదటిది నా విశ్వాసం. రెండవది అధికారపు దౌర్జన్యం. ఆనాడు ఆ ప్రాంగణంపై అధికారం మనవారిదైనంత మాత్రాన ఆ పని ఒప్పు కాజాలదు.

ఇప్పుడు 2022కు వద్దాం. కర్ణాటకలోని ఉడుపిలో ఒక ప్రభుత్వ కళాశాల విద్యార్థినులు తలపై వస్త్రం ధరించినందుకు తరగతి గది వెలుపల కూర్చోవలసి వచ్చింది. వివాదం రాష్ట్రమంతటా వ్యాపించింది. మార్చి 15న ఆ రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరు 13న సర్వోన్నత న్యాయస్థానంలోని ఇద్దరు న్యాయమూర్తులు పరస్పరం భిన్నమైన తీర్పులు వెలువరించారు. ఈ మధ్యకాలంలో కొందరు అమ్మాయిలు తరగతులకూ, పరీక్షలకూ దూరమయ్యారు. ఆ వార్తలు చదివిన ప్రతి ముస్లిం ఇంట్లో గుండె కలుక్కుమన్నది. ఆ బాధ నిజమైనది.

అయితే ఆ బాధ మనకు ఒక పాఠం నేర్పాలి. 1938లో హాస్టలు గది ఖాళీచేసి పెట్టె మోసుకొని రైలెక్కిన ఆ విద్యార్థి తండ్రికీ, 2022లో కళాశాల గేటు వద్ద నిలబడిన ఆ అమ్మాయి తండ్రికీ కలిగిన దుఃఖం ఒక్కటే. ఒక జాతిపట్ల ఉన్న వైరం న్యాయమార్గం నుండి మిమ్మల్ని తప్పించరాదని అల్ మాయిదా సూరా 8వ వాక్యంలో అల్లాహ్ విశ్వాసులను హెచ్చరించాడు. మనకు అన్యాయం జరిగినప్పుడు ఒక త్రాసు, మనవారి చేత అన్యాయం జరిగినప్పుడు మరొక త్రాసు వాడేవారికి న్యాయం గురించి మాట్లాడే అర్హత ఉండదు.

నజ్రాన్ నుండి క్రైస్తవ ప్రతినిధులు మదీనాకు వచ్చినప్పుడు, వారి ప్రార్థనా సమయం ఆసన్నమైతే, దైవప్రవక్త (స) వారిని మస్జిదె నబవీలోనే వారి పద్ధతిలో ప్రార్థించుకోనిచ్చిన ఉదంతం ఇబ్నె ఇస్‌హాఖ్ సంకలనం చేసిన ప్రవక్త జీవితచరిత్రలో ఉన్నది. వారి విశ్వాసంతో ఆయన ఏకీభవించలేదు. దానిపై వారితో వాదించారు కూడా. అయినా ప్రార్థన వేళకు వారిని వెళ్ళగొట్టలేదు. ఒక విద్యాలయం నేర్చుకోవలసిన మర్యాద ఇందులో ఉన్నది.

వేడుకనాడు నేను చూసినది

పదిహేను రోజుల తరువాత వేడుక జరిగింది. ప్రిన్సిపాల్ గారు ఆహ్వానించినందున నేనూ, ఆ సోదరుడూ, ఆయన భార్యా వెళ్ళాము. ప్రారంభ ప్రార్థన ముగిసేదాకా అమ్మాయి తన బల్ల వద్దనే కూర్చున్నది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. తరువాత ఆ బల్ల ముందు వరుస పెరిగింది. తన పేరు అరబీ అక్షరాలలో ఎలా ఉంటుందో చూడాలని పిల్లలకు ఎంత కుతూహలమో! ఒక అధ్యాపకురాలు తన మనుమడి పేరు రాయించుకొన్నారు. అరబీలో 'ప' అక్షరం లేదని, ఆ ధ్వనికి పారసీ, ఉర్దూ లిపులు మూడు చుక్కల అక్షరాన్ని సమకూర్చుకొన్నాయని అమ్మాయి వివరిస్తుంటే, పద్మావతి, పుష్ప వంటి పేర్లున్నవారు మరింత ముచ్చటపడ్డారు. తల్లి దూరం నుండి చూస్తూ చెంగుతో కళ్ళు ఒత్తుకొన్నది.

వేదికపై అద్దాలు కుట్టిన ఎర్రని లంబాడీ దుస్తులలో కొందరు విద్యార్థినులు ఆడారు. చప్పట్లు మారుమ్రోగాయి. అప్పుడు అమ్మాయి నాతో మెల్లగా అన్నది: "ఉస్తాద్, ఆ చివరి వరుసలో మామూలు బట్టల్లో కూర్చున్న అమ్మాయి మా రూమ్మేటు. ఆమెది తండా. వేదికమీద ఉన్నవారిలో తండా పిల్ల ఒక్కతె కూడా లేదు. మొన్న వాళ్ళ అమ్మమ్మ ఇవే బట్టల్లో హాస్టలుకు వస్తే కొందరు నవ్వారు. అప్పటినుండి ఆమె ఎవరితోనూ మాట్లాడడం లేదు."

నేను నిశ్చేష్టుడనయ్యాను. ఆ దుస్తులు అద్దెకు తెచ్చుకొంటే సంస్కృతి అట, అమ్మమ్మ కట్టుకొని వస్తే పరిహాసమట! అమ్మమ్మను చూసి నవ్వినవారూ, వేదికకు చప్పట్లు కొట్టినవారూ ఒకే హాస్టలు పిల్లలు. వారు దుర్మార్గులు కారు. వారికి ఎవరూ చెప్పలేదు, అంతే.

పరిచయమంటే ఇరువైపులా

మానవులందరినీ ఒకే స్త్రీపురుషుల జంట నుండి పుట్టించి, జాతులుగా, తెగలుగా చేసినది పరస్పరం పరిచయం చేసుకోవడానికేనని, అల్లాహ్ దృష్టిలో అందరికన్నా గౌరవనీయుడు అందరికన్నా భయభక్తులు గలవాడేనని అల్ హుజురాత్ సూరా 13వ వాక్యం బోధిస్తున్నది. మదరసాలో ఈ వాక్యం చెప్పేటప్పుడు 'లితఆరఫూ' అన్న పదం వద్ద నేను కాసేపు ఆగుతాను. అరబీ వ్యాకరణంలో ఆ క్రియారూపం తఫాఉల్ అనే బాబుకు చెందినది. ఒకరు చేసి మరొకరు చేయించుకొనే పనికి సాధారణంగా ఆ రూపం వాడరు. ప్రధానంగా ఇద్దరూ ఒకరిపట్ల ఒకరు చేసే పనికి వాడతారు. కాబట్టి వేదికపై ఒకరు ఆడుతుంటే కింద మరొకరు చూసి వెళ్ళిపోవడం తఆరుఫ్ కాదు. నేను నిన్ను తెలుసుకోవాలి, నీవు నన్ను తెలుసుకోవాలి. అప్పుడే ఆ పదం నెరవేరుతుంది. భాషలలో, శరీరఛాయలలో ఉన్న భిన్నత్వాన్ని అర్ రూమ్ సూరా 22వ వాక్యం అల్లాహ్ సూచనలలో ఒకటిగా పేర్కొన్నది. దైవసూచనను చూసి పరిహసించడం విశ్వాసికి తగిన పనేనా?

యునెస్కో 2001లో సాంస్కృతిక వైవిధ్య ప్రకటన చేసింది. మరుసటి సంవత్సరం ఐక్యరాజ్య సమితి మే 21ని అందుకొక దినంగా నిర్ణయించింది. మన రాజ్యాంగం 29వ అధికరణం భిన్నమైన భాష, లిపి, సంస్కృతి గల ప్రతి పౌర సముదాయానికి వాటిని కాపాడుకొనే హక్కు ఇచ్చింది. ఇవన్నీ మంచివే. కాని ప్రకటనలు, అధికరణాలు హాస్టలు గదిలో నవ్వును ఆపలేవు. దానిని ఆపేది ఇంట్లో నేర్చిన అదబు ఒక్కటే.

మన ఇంటి సంగతి

ఇతరులకు చెప్పే ముందు మన దస్తర్‌ఖాన్ చుట్టూ చూద్దాం. మన సముదాయంలో ఉర్దూ మాట్లాడే ఇళ్ళున్నాయి, తరతరాలుగా తెలుగే మాట్లాడే ఇళ్ళున్నాయి. దూదేకుల సోదరుల ఇళ్ళున్నాయి. కళాశాలలో తెలుగు మాట్లాడే ముస్లిం అమ్మాయిని చూసి, "ఉర్దూ రాదా? మరి నీవేం ముసల్మానువి?" అని ఎత్తిపొడిచేవారు ఇతరులు కారు, మన పిల్లలే. ఉర్దూ రానందుకు నొచ్చుకొని నా వద్ద కంటతడి పెట్టిన విద్యార్థులు ఒకరిద్దరు కారు.

హజ్రత్ అబూజర్ (రజి) ఒకసారి ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి కించపరిచారు. ఆ వ్యక్తి హజ్రత్ బిలాల్ (రజి) అని కొన్ని ఉల్లేఖనాలలో ఉన్నది. దైవప్రవక్త (స) అది విని, అజ్ఞానకాలపు గుణం ఇంకా నీలో మిగిలి ఉన్నదని అబూజర్‌ను మందలించారు. అబూజర్ (రజి) సామాన్యులు కారు, గొప్ప సహాబీ. అంతటివారికే ఆ మందలింపు తప్పలేదు. మస్జిదె నబవీలో అబిసీనియా బిలాల్, రోము సుహైబ్, పారశీక సల్మాన్ ఒకే వరుసలో నిలబడ్డారు. వారిలో ఎవరూ తమ ఊరి పేరును వదులుకోలేదు, ఆ పేర్లతోనే మనం నేటికీ వారిని స్మరిస్తున్నాము.

ప్రవక్త (స) ఆదేశం మేరకు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపిని కొద్దిరోజులలోనే నేర్చుకొన్నారు. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన వారిలో చదువు వచ్చినవారు మదీనా పిల్లలకు అక్షరాలు నేర్పి విడుదల పొందారు. యుద్ధఖైదీ వద్ద కూడా చదువు నేర్చుకొన్న సముదాయం మనది. సహాధ్యాయిని పరాయివానిగా చూడడం మనకు తగదు.

ఇంటికి కొన్ని మాటలు

కళాశాలకు పిల్లలను పంపుతున్న తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. పిల్లలు వెళ్ళేముందే వారితో కూర్చొని, ఏది ఆరాధన, ఏది ఆచారం, ఏది కేవలం వంటా వస్త్రమూ అన్నది విడమరచి చెప్పండి. అన్య ఆరాధనలో పాలుపంచుకోవడం మనకు లేదు. ఆ హద్దు స్పష్టమైనది. కాని తోటివారి భాష నేర్చుకోవడం, హలాల్ అయిన వారి వంట తినడం, వారి ఊరి కథలు వినడం, జబ్బుపడితే పరామర్శించడం, పరీక్ష ముందు నోట్సు పంచుకోవడం, వీటికి అడ్డేమీ లేదు. ఈ తేడా తెలియని పిల్లలు రెండు విధాలుగా నష్టపోతారు. కొందరు అన్నింటికీ సరేనని తమను తాము కోల్పోతారు. మరికొందరు అన్నింటికీ కాదని ఒంటరులవుతారు.

నిరాకరించవలసి వచ్చినప్పుడు మర్యాదగా, ముందుగా, కారణం చెప్పి నిరాకరించడం నేర్పండి. ఇతరులు పూజించేవాటిని దూషించరాదని అల్ అన్‌ఆమ్ సూరా 108వ వాక్యం శాసిస్తున్నది. తన విశ్వాసం చెప్పడానికి ఎదుటివాని విశ్వాసాన్ని తక్కువ చేయవలసిన అవసరం లేదు. "నేను ఇందులో నిలబడలేను, కాని మీ పనిలో మరోవిధంగా సాయపడతాను" అన్న ఒక్క వాక్యం ఎన్నో ద్వారాలు తెరుస్తుంది.

అలాగే మనకోసం అడిగే సౌకర్యాన్ని ఇతరులకోసం కూడా అడగండి. రమజాను మాసంలో సహరీ కోసం రాత్రి భోజనం విడిగా కట్టి ఇమ్మని మెస్సులో అడిగే మన అమ్మాయి, శాకాహారి అయిన స్నేహితురాలికి గరిటె వేరుగా ఉంచాలన్న మాటను కూడా తానే ముందు చెప్పాలి. నమాజుకు పది నిమిషాలు అడిగేవాడు, అయ్యప్ప దీక్షలో ఉన్న సహాధ్యాయి నల్లబట్టలను చూసి వెక్కిరించరాదు. తన పేరును ఎవరైనా తప్పుగా పలికితే నొచ్చుకొనేవాడు, ఈశాన్య రాష్ట్రాల నుండి వచ్చిన మిత్రుని పేరును సరిగా పలకడం నేర్చుకోవాలి. చూడడానికి ఇవి చిన్న విషయాలే. హాస్టలు గదులలో స్నేహాలు నిలిచేదీ, తెగేదీ ఇటువంటి చిన్న విషయాల వద్దనే.

కళాశాలలను నడిపే పెద్దలు ఎవరైనా ఈ పత్రిక చదివితే వారికీ ఒక మాట. జాబితాలో పేరు రాసే ముందు పిల్లలను అడగండి. ఒక తెగ దుస్తులు వేదిక ఎక్కించే ముందు, ఆ తెగ పిల్ల మీ తరగతిలో తలెత్తుకొని కూర్చోగలుగుతున్నదా అని చూడండి. సంవత్సరంలో మిగిలిన రోజులు ఎలా గడుస్తున్నాయన్నదే వేడుకకు అసలు పరీక్ష.

ఆ సాయంత్రం

బల్ల సర్దే వేళకు ఆ తండా అమ్మాయి నెమ్మదిగా వచ్చి నిలబడింది. "నీ పేరు రాయనా?" అని మా అమ్మాయి అడిగింది. "నాది వద్దు. మా అమ్మమ్మది రాస్తావా?" అన్నది ఆమె. లంబాడీ భాషకు సొంత లిపి లేదు. మా అమ్మాయి ఆ పేరును రెండుమూడుసార్లు పలికించుకొని విన్నది. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఒత్తాలో అడిగి తెలుసుకొన్నది. తెలుగులో రాసి, అరబీ లిపిలో రాసి, ఎర్ర సిరాతో చుట్టూ అద్దాల వంటి చిన్న చిన్న వృత్తాలు గీసి ఇచ్చింది. వచ్చే సెలవులకు తమ తండాకు రమ్మని ఆ పిల్ల ఆహ్వానించింది. మా అమ్మాయి తండ్రి వైపు చూసింది.

ఆయన గొంతు సవరించుకొని, "నేనే తీసుకొస్తానమ్మా. మీ ఊళ్ళో పంపు ఏదైనా పాడైతే చెప్పు, బాగుచేసి కూడా పోతాను" అన్నాడు.

తిరుగు బస్సులో చదువు మాన్పించే ప్రస్తావన రాలేదు. మరుసటి సెమిస్టరు ఫీజు గడువు ఎప్పుడో అమ్మాయిని అడిగి కాగితంమీద రాసుకొన్నాడు.

అల్లాహ్ మన పిల్లలకు తమ విశ్వాసంపై స్థిరత్వాన్ని, ఇతరులపట్ల న్యాయదృష్టిని, పరిచయానికి ముందడుగు వేసే ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.